లైనా, లేనా? బ్రాడీపేట వీధుల పేర్లు మ్యాపులో ఎలా రాద్దాం?

ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గుంటూరు వీధులకు తెలుగు పేర్లు ఎక్కిస్తున్నాం. బ్రాడీపేట దగ్గర బండి ఆగింది. అక్కడి అంకెల వీధుల్ని ఇంగ్లిషులో ఒకరు లైన్ అంటారు, ఒకరు లేన్ అంటారు. ఆ రెండోదాన్ని ఉన్నదున్నట్టు దించేసి '4వ లేన్' అని పెట్టారొకరు. గుంటూరులో ఎవరి నోటా ఆ మాట రాదు, '4వ లైను' అనే అంటారు. ఇంకొకరు 'నాల్గవ వరుస' అన్నారు. తెలుగు మీద ప్రేమ మంచిదే గానీ, ఆ వరుస పెళ్లి సంబంధాల్లో తప్ప బ్రాడీపేటలో దొరకదు! నా ఓటు '4వ లైను'కే. మరి అందరూ చెప్పుకునే 4/14 ఏ గడిలో రాయాలి?

జవాబు: 4/14 వీధి పేరు కాదండీ. 4వ లైను, 14వ అడ్డరోడ్డు కలిసే చోటుకు గుర్తు. రెండు రోడ్లూ మ్యాపులో వేర్వేరు గీతలు, దేని పేరు దానికే. 4/14 అని ఒక రోడ్డుకు తగిలిస్తే అది పొడుగునా అదే పేరుతో కనిపిస్తుంది, 4/2 దగ్గర కూడా! పైగా కొత్తవాళ్లు డోర్ నంబరనుకుంటారు. 4/14ని ఆ మూల మీది ఇళ్ల, షాపుల చిరునామాలో ఉంచండి.

జవాబు: అరండల్‌పేటలోనూ 4వ లైను ఉంది కదా మాస్టారూ. ముందు పేట పేరు చేర్చొద్దా?

జవాబు: పేటకు సరిహద్దు గీసి ఉంటే అక్కర్లేదు. వెతికే ప్రోగ్రాం ఏ లైను ఏ పేటలో ఉందో దాన్నిబట్టే తేలుస్తుంది. గీసి లేకపోతే ముందు ఆ పని చూడండి, పేర్ల సంగతి తర్వాత. 'నాలుగో లైను' అని వెతికేవాళ్లూ ఉంటారు, దాన్ని 'ఆల్ట్ నేమ్' (మరో పేరు) గడిలో వేయండి. 'లై.', 'రో.' లాంటి పొట్టి రాతలు మాత్రం వద్దు. పేరు పూర్తిగా రాయాలన్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నియమం.

జవాబు: ఇదే సందులో నాదొకటి. బెజవాడలో మహాత్మా గాంధీ రోడ్డును జనం బందరు రోడ్డంటారు. అది పాత పేరు గడిలోకి వెళ్తుందా?

జవాబు: వెళ్లదు. పాత పేరంటే వాడుక తగ్గిపోయినది. బందరు రోడ్డు రోజూ ఆటోవాళ్ల నోట్లో నానుతోంది, దాన్ని 'ఆల్ట్ నేమ్'లో పెట్టి, గాంధీ గారి పేరు అసలు గడిలో ఉంచొచ్చు. సికింద్రాబాద్ ఎంజీ రోడ్డుకు 'జేమ్స్ స్ట్రీట్' పాత పేరు గడిలోకే వెళ్లాలి. అక్కడి రైల్వే స్టేషన్ మాత్రం ఇంకా జేమ్స్ స్ట్రీటే, దాని పేరు ముట్టుకోకండి. అన్నట్టు, తెలుగు గడిలో 'బందర్ రోడ్' అని రాయకండి. బందరు, రోడ్డు. చివర ఉకారాలు తీసేస్తే అది తెలుగు లిపిలో ఇంగ్లిషు.