అప్‌డేట్: తోటలో పెళ్లికి పాతకాలపు అలంకరణ

అక్క పెళ్లికి తోటను పాత వస్తువులతో అలంకరిస్తే అందంగా ఉంటుందా, లేక పాత సామాన్ల కొట్టులా కనిపిస్తుందా అని అడిగాను కదా. పెళ్లి అయిపోయింది, చాలా బాగా కుదిరింది. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

అన్నిటికన్నా పనికొచ్చింది రంగులు మూడు దాటనివ్వొద్దన్న సలహా. మీగడ రంగు, ఆకుపచ్చ, పాత ఇత్తడి రంగు. వీటిలో కలవని వస్తువు ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టేశాం.

కొత్త లేసు మరీ తెల్లగా ఉంటే టీ డికాక్షన్‌లో నానబెట్టమన్నారు. కాటన్ లేసు చక్కగా లేత గోధుమ రంగుకు తిరిగింది. పాలిస్టర్‌కు మాత్రం రంగు దాదాపు అంటలేదు, కొనేముందే చూసుకోండి. తడి మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరాక లేతబడుతుంది. అందుకే కావలసినదానికన్నా కాస్త ముదిరాకే తీయాలి. ముందు చిన్న ముక్క మీద చూడటం మంచిది.

తుప్పు డబ్బాల్లో నేరుగా నీళ్లు పోయకుండా లోపల గాజు సీసా పెట్టి పూలు అమర్చాం. బల్లగుడ్డల మీద ఒక్క మరక పడలేదు. లైట్లు 2700 కెల్విన్‌వి (కెల్విన్ అంటే వెలుగు రంగును చెప్పే కొలత) తీసుకున్నాం. ఆ పసుపు వెలుగులో ఇత్తడి ఎంత బాగుందో!

పెచ్చులూడుతున్న పాత కిటికీ చట్రాన్ని మాత్రం వాడలేదు. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, గీకితే ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం. దాని బదులు చెక్క నిచ్చెనకు తీగలు అల్లించాం. ఫొటోలన్నీ అక్కడే దిగారు.