బడి సగటు మార్కులు గోడ మీద అతికించాలా, వద్దా?

కమిటీ సభ్యుడు:
మా అబ్బాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఈసారి పాఠశాల యాజమాన్య కమిటీకి నన్ను ఎన్నుకున్నారు. వచ్చే సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టాలనుకుంటున్నాను, మీ అభిప్రాయాలు ఇక్కడ రాయండి. అన్ని బడులకూ ఒకే ప్రశ్నపత్రంతో జరిగే పరీక్షల్లో ఏ తరగతికి ఏ సబ్జెక్టులో సగటున ఎన్ని మార్కులు వచ్చాయో బడి గోడ మీద అతికించాలి. పిల్లల పేర్లు వద్దు, సగటు చాలు. పక్క ఊరి బడి సగటు కూడా దాని పక్కనే ఉండాలి.

ఎందుకో చెబుతాను. మావాడి ప్రగతి పత్రంలో గణితానికి మంచి గ్రేడు ఉంది. మొన్న అరుగు మీద కూర్చోబెట్టి 824ని 4తో భాగించమన్నాను. 26 అని రాశాడు. ఎనిమిదిలో నాలుగు రెండుసార్లు పోయింది. రెండులో నాలుగు పోదు కాబట్టి పక్కనున్న నాలుగును దించుకున్నాడు, ఇరవై నాలుగులో ఆరుసార్లు అన్నాడు. మధ్యలో సున్న పెట్టాలని వాడికి తెలియదు. 824 రూపాయల కూలి నలుగురం పంచుకుంటే తలా 26 రూపాయలే వస్తాయా అని అడిగాను. వాడికే అనుమానం వచ్చింది. తప్పెక్కడుందో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. మరి కార్డు మీది ఆ గ్రేడు ఎక్కడి నుంచి వచ్చింది?

లెక్కల మాస్టారు:
పంతొమ్మిదేళ్లుగా ప్రభుత్వ బడిలో గణితం చెబుతున్నాను. మీరు చెప్పిన సున్న తప్పు నాకు ప్రతి ఏడాదీ ఎదురవుతుంది. మీ బాధ అర్థమైంది. అయినా ఆ కాగితం గోడ ఎక్కకూడదు.

మీవాడు చదివే మా బడికి ఆరో తరగతిలో ఐదు ఊళ్ల ప్రాథమిక పాఠశాలల నుంచి పిల్లలు వస్తారు. వాటిలో రెండు ఏకోపాధ్యాయ బడులు. ఒకే టీచరు ఐదు తరగతులు చూసుకోవాలి. కొందరు పిల్లలు అమ్మానాన్నలతో వలస వెళ్లి నెలల తరబడి కనిపించరు. పక్క ఊరి బడికి ఈ ఇబ్బందులేవీ లేకపోతే ఆ సగటు ఎక్కువే ఉంటుంది. దాన్ని చూసి మీరు తూచేది ఎవరిని?

ఇంకో సంగతి దాచకుండా చెబుతాను. అంకె గోడ ఎక్కిన రోజు నుంచి దాన్ని పెంచడమే మా పని అయిపోతుంది. గడి నింపి జవాబు గుర్తించే ఓఎంఆర్ పత్రం మీద ప్రతి ప్రశ్నకూ నాలుగు గడులుంటాయి. బల్లకు ముగ్గురు కూర్చుంటారు. మా పిల్లలకు పరీక్ష గదిలో కాపలా ఉండేది మేమే. మీ లెక్కకు సరైన జవాబు 206, ఆ గడి నింపిన పిల్లవాడికి భాగహారం వచ్చినట్టేనా? పక్కవాడి వేలు ఎటు వెళ్లిందో చూశాడేమో. నేను చూసీ చూడనట్టు ఊరుకున్న రోజులున్నాయి. మార్కులు తగ్గితే సంజాయిషీ రాసుకోవాల్సింది నేనే కదా.

అట్లాంటా తెలుగు తల్లి:
మాస్టారి భయం నిజమే. నేనుండే అట్లాంటా నగరంలో అది జరిగింది. అమెరికాలో 2002 నుంచి అమలైన చట్టం ప్రకారం 2014 నాటికి ప్రతి పిల్లవాడూ రాష్ట్ర పరీక్షలో ఉత్తీర్ణత స్థాయికి చేరాల్సి ఉండేది, చేరని బడుల మీద చర్యలుండేవి. ఇక్కడి ప్రభుత్వ బడుల మార్కులు ఏటేటా పెరిగాయి, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత జవాబు పత్రాలను పరిశీలిస్తే, తప్పు జవాబు చెరిపి ఒప్పు జవాబు దిద్దిన గుర్తులు నమ్మలేనంత ఎక్కువగా కనిపించాయి. 2011లో రాష్ట్ర దర్యాప్తు నివేదిక వచ్చింది. పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల మోసం జరిగిందని, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పాత్ర ఉందని తేల్చింది. 2015లో 11 మందిని కోర్టు దోషులుగా నిర్ధారించింది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది పార్క్స్ మిడిల్ స్కూలు సంగతి. అది పేద పిల్లలు చదివే బడి. దొంగ మార్కుల వల్ల అది వెనకబడిన బడుల జాబితాలోంచి బయటికి వచ్చింది. దానితో ఆ జాబితాలోని బడులకు అందే సాయం, సుమారు 7.5 లక్షల డాలర్లు, చేజారిపోయింది. చదవడం రాని పిల్లలకు చదువు వచ్చేసిందని కాగితం చెప్పింది, ఆ కాగితాన్నే అందరూ నమ్మారు.

విద్యా పరిశోధకురాలు:
అట్లాంటా కథ చెప్పి పరీక్షలే వద్దనే మాటకు నేను ఒప్పుకోను. 2005లో మొదలైన ఒక ప్రయోగం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు అదనపు సొమ్ము ఇచ్చి చూశారు. రెండేళ్లలో గణితం, భాష రెండూ మెరుగుపడ్డాయి. సొమ్ముతో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మార్కులు పెరిగాయి. అక్కడ కీలకం ఏమిటంటే, ఆ పరీక్ష పెట్టింది ఆ బడి టీచర్లు కాదు, బయటివారు. ఆంధ్రప్రదేశ్‌లోనే తర్వాత జరిగిన మరో అధ్యయనంలో, కాగితం మీద పెట్టిన పరీక్షల్లో మార్కులు ఉబ్బి కనిపించాయి, ట్యాబ్‌ల మీద పెట్టినచోట ఆ ఉబ్బు బాగా తగ్గింది.

కమిటీ సభ్యుడు గారూ, మీ అబ్బాయికి ఇచ్చిన లెక్క లాంటిదే, గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలోనూ ఉంటుంది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించాలి. పిల్లల ఇంటికే వెళ్లి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. గడులు నింపడం ఉండదు. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో అది చేయగలిగినవారు 45.8 శాతం. కాబట్టి మీవాడు ఒంటరివాడు కాదు. అంకె బయటికి రాకుండా దాచిపెడితే మళ్లీ నష్టపోయేది పేదవాళ్లే. డబ్బున్నవాళ్లకు ట్యూషన్ మాస్టారు చెబుతాడు. మీకు ఎవరు చెబుతారు?

ఒక హెచ్చరిక మాత్రం. 2024 డిసెంబర్ 4న కేంద్ర ప్రభుత్వం జరిపిన పరఖ్ సర్వేలాంటివి తీసుకొచ్చి మీ బడికి అంటగట్టకండి. దేశంలో 74 వేలకు పైగా బడుల నుంచి సుమారు 21 లక్షల మంది పిల్లలను ఎంచి 3, 6, 9 తరగతులకు పెట్టిన పరీక్ష అది. జిల్లా ఎలా ఉందో చెబుతుంది, మీ బడి ఎలా ఉందో చెప్పదు.

ఏడో తరగతి అమ్మాయి తల్లి:
నేను ఐదు వరకే చదివాను. సగటు అంటే నాకు పట్టదు. నా కూతురికి ఏది వచ్చు, ఏది రాదు అనేది ఎవరైనా చెప్పాలి. మార్కులు చూపించి సంతకం పెట్టించుకుంటారు, అంతే.

కమిటీ సభ్యుడు:
మాస్టారూ, 'చూసీ చూడనట్టు' అన్న మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మీకు సంజాయిషీ తప్పింది. మా పిల్లవాడికి రెండేళ్లు పోయాయి. ఆరో తరగతిలోనే 'వాడికి భాగహారం రాదు' అని మీరు ఒక్క మాట చెప్పి ఉంటే నేర్పించుకునేవాళ్లం. మంచి గ్రేడు చూసి నేను ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను.

లెక్కల మాస్టారు:
తప్పు నాదే. ఆ మాటకు అడ్డు చెప్పను.

పరీక్షలన్నీ అలా ఉండవు. ఎనిమిదో తరగతి పిల్లలకు, పేద పిల్లల కోసం కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు మాత్రమే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు. అది మా చేతిలో లేని పరీక్ష కాబట్టే పిల్లలు నిజంగా చదువుతారు, మేమూ నిజంగా చెబుతాం. సాయంత్రం పూట బడిలోనే కూర్చుని చెప్పాను, ఒక్కరూ మానలేదు.

మీ లెక్క సోమవారం నా తరగతిలో ఇచ్చాను. బల్లకు ఒక్కరినే కూర్చోబెట్టి, గడులు లేకుండా, తెల్లకాగితం మీద. సగానికి పైగా సున్న వదిలేశారు. ఒక అమ్మాయి 26 రాసి, కింద 26ను 4తో గుణించి 104 వచ్చిందని చూసుకుంది. కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. గంట కొట్టేసరికి 206 రాసింది. ఆ అమ్మాయికి వార్షిక పరీక్షలో గణితంలో తక్కువ మార్కులే వచ్చాయి.

మీరు అడిగే సగటు నిజం కావాలంటే ఒక పని చేద్దాం. పక్క ఊరి టీచర్లు మా గదుల్లో కూర్చోవాలి, మేము వాళ్ల గదుల్లో కూర్చోవాలి. ప్రధానోపాధ్యాయుడితో నేను మాట్లాడతాను. అప్పటికీ గోడ మీద వద్దనే నా మాట.

కమిటీ సభ్యుడు:
ఆ కాగితాలు సమావేశానికి తీసుకురండి మాస్టారూ. ముందు ఎవరి బిడ్డ కాగితం వారికి ఇచ్చి, సున్న ఎక్కడ పోయిందో మీరే చూపించండి. పైన రాసిన అమ్మగారు అడిగింది అదే. టీచర్లు బడులు మార్చుకునే సంగతి నేను రాసి పెడతాను. గోడ సంగతి చివర్లో ఓటుకు పెడతాం. నా చెయ్యి మాత్రం అతికించాలనే లేస్తుంది.