గాలటిన్‌కి అప్లై చేస్తున్నా, వ్యాసంలో ఎంతవరకు తేల్చి చెప్పాలి?

నమస్కారమండీ. న్యూయార్క్ యూనివర్సిటీలోని గాలటిన్ స్కూల్‌కి అప్లై చేస్తున్నాను. అక్కడ మేజర్‌ని, అంటే ప్రధానంగా చదివే సబ్జెక్టుని, మనమే రూపొందించుకోవాలి. నాకు ఇక్కత్ నేత, రంగుల కెమిస్ట్రీ, సహకార సంఘాల ఎకనామిక్స్ కలిపి చదవాలని ఉంది. అమ్మమ్మ వాళ్లది పోచంపల్లి, ఈ పిచ్చి అక్కడిదే!

రెండో ఏడాది చివర్లో ఎలాగూ ప్రణాళిక రాసివ్వాలి. చివరి ఏడాది పుస్తకాల జాబితాతో ప్రొఫెసర్ల ముందు కూర్చుని మాట్లాడాలి. మరి ఇప్పుడే అంతా తేల్చేసినట్టు రాస్తే మొండిదాన్ననుకుంటారా? వదులుగా రాస్తే ఏమీ తెలియదనుకుంటారేమోనని టెన్షన్.

నాన్నేమో "కంప్యూటర్ సైన్స్ చదువు, ఇది మైనర్‌గా పెట్టుకో" అంటున్నారు.

అక్కడ చదివినవాళ్లుంటే, మీ వ్యాసంలో ఏం రాశారో, తర్వాత ఎంత మారిందో చెప్తారా? పట్టా మీద 'ఇండివిడ్యువలైజ్డ్ స్టడీ' అనే ఉంటుంది కదా, ఇంటర్వ్యూల్లో దాన్ని ఎలా వివరించారు?