'జానర్' అనాలా, 'జాన్ర' అనాలా?

ప్రశ్న (హనుమకొండ, డిగ్రీ విద్యార్థి): సినిమా రివ్యూలల్ల అందరు 'థ్రిల్లర్ జానర్', 'హారర్ జానర్' అనే రాస్తరు. ఇంగ్లీషు డిక్షనరీల ఆడియో వింటే మాత్రం 'జాన్ర' లెక్క వినపడుతది. మొదటి అక్షరం మన జ కూడ కాదు. ఇంగ్లీషుల సెమినార్ ఇచ్చేటప్పుడు ఎట్ల పలకాలె? జర వివరంగ చెప్పండ్రి.

జవాబు (వరంగల్, ఇంగ్లీషు లెక్చరర్): తమ్మీ, 'జానర్'లో తేడాలు రెండు. అందులో పెద్దది చివర ఉంది, ముందు దాన్ని సరిచేసుకో. ఇంగ్లీషులో ఈ మాట రెండు ముక్కలు: జాన్, ర. ఊనిక మొదటి ముక్క మీద. చివరి 'ర' పొట్టిగా, బలం లేకుండా పలకాలి. రా అనీ, రే అనీ సాగదీయొద్దు. 'జానర్' అన్నప్పుడు న, ర మధ్య లేని అచ్చు చేరుతుంది, చివర ఉండాల్సిన అచ్చు పోతుంది. స్పెల్లింగు చివర ఆర్, ఈ చూసి, సెంటర్, థియేటర్ చదివినట్టే దీన్నీ చదవడం వల్ల వచ్చిన తంటా ఇది. ఆ రెండూ 14వ శతాబ్దంలోనే ఇంగ్లీషులోకి వచ్చి పూర్తిగా ఒదిగిపోయాయి. ఈ మాట వచ్చింది 1770 ప్రాంతంలో. ఫ్రెంచి పలుకు ఇంకా దాన్ని వదల్లేదు.

మొదటి హల్లు సంగతి తర్వాత. దాని బదులు మామూలు జ పలికినా అర్థం చెడదు. మెరియమ్-వెబ్‌స్టర్ డిక్షనరీ ఆ ఉచ్చారణ కూడా ఇస్తుంది. 'జానర్' అనే ఉచ్చారణ మాత్రం అందులో లేదు.

జవాబు (కరీంనగర్): సార్, లీటర్, మీటర్ సంగతేంది? ఫ్రాన్సుల 1795ల మెట్రిక్ చట్టం వచ్చినంకనే అవి కొలతల పేర్లుగ ఇంగ్లీషులకు వచ్చినయి. అంటే ఈ మాటకన్నా కొత్తవి. అయినా 'అర్' అనే పలుకుతరు కద?

జవాబు (లెక్చరర్): నిజమే. పద్యం ఛందస్సుకు మీటర్ అనే మాట ఇంగ్లీషులో అంతకు ఎంతో ముందే ఉంది, కాబట్టి కొలతకు దారి సిద్ధంగా దొరికింది. లీటర్ దాని వెంటే పోయింది. కాలాన్ని బట్టి మాత్రమే నియమం కట్టలేం, ఒక్కో మాట విని నేర్చుకోవాల్సిందే.

జవాబు (కరీంనగర్): మరి మొదటి హల్లు నేను చెప్త. మన జ పలికేటప్పుడు నాలుక అంగిలికి తగిలి గాలి ఒక్క క్షణం ఆగుతది. ఈ ధ్వనిల గాలి ఎక్కడా ఆగొద్దు. ముందుగాల 'శ్‌శ్‌శ్' అని సాగదియ్యండ్రి. గొంతు మీద రెండు వేళ్లు పెడితే అదురు తెలువది. ఇగ నాలుక, పెదవులు కదపకుంట గొంతు కలపండ్రి. వేళ్లకు అదురు తెలుస్తది, వచ్చేది గదే ధ్వని. సరిగ్గ వచ్చిందా లేదా అని చూసుకోవాలంటే ఊపిరి ఉన్నంతసేపు సాగదీసి చూడండ్రి. సాగితే వచ్చినట్టు. నాలుక అంగిలికి అంటితే మళ్ల జ అయితది, దాన్ని సాగదియ్యలేం.

ఉర్దూ చెవినపడే మన దిక్కోళ్లకు ఇంకో తోవ ఉన్నది. జమీన్, మజా, బాజార్ అని ఉర్దూవాళ్లు పలికే జల కూడ గాలి ఆగది, కాని నాలుక జర ముందుకు ఉంటది. స నుంచి శకు నాలుక ఎంత వెనక్కి పోతదో అంతనే వెనక్కి జరపాలె. ఉర్దూ లిపిల ఈ ధ్వనికి వేరే అక్షరమే ఉన్నది. రే మీద మూడు చుక్కలు పెట్టి రాస్తరు. తెలుగుల 'ఝాన్ర' అని రాసుడు మాత్రం తప్పు. ఝ అంటే ఒత్తు జ, దాంట్ల గూడ గాలి ఆగుతది. జాడ, జొన్నలల్ల పలికే దంత్య జ కూడ కాదు. ప్లెజర్, మెజర్, విజన్ అనే ఇంగ్లీషు మాటల నడుమ ఉన్నది ఇదే ధ్వని. వాటితోని సాధన చేస్తే నోరు తొందరగ తిరుగుతది.

ప్రశ్న (మంచిర్యాల): న, ర కలిపి పలికితే నడుమ డ వస్తుంది సార్, 'జాండ్ర' అవుతుంది.

జవాబు (లెక్చరర్): న నుంచి రకు పోయేటప్పుడు నోట్లో సహజంగా పుట్టేదే అది. పన్నెండుకు పాత తెలుగులో 'పండ్రెండు' అనే రూపం ఉంది, అక్కడా న, ర మధ్య డ చేరింది. ఫ్రెంచిలోనూ ఇదే జరిగింది. లాటిన్ 'గెనుస్' నుంచి వచ్చిన పాత ఫ్రెంచి మాటలో డ చేరి, అది ఇంగ్లీషులో జెండర్ అయింది. మన జన్మ, జాతి మాటల ధాతువు, ఆ లాటిన్ మాట ధాతువు ఒక్కటే. డ రాకుండా ఉండాలంటే 'జాన్' దగ్గర చిన్న విరామం ఇచ్చి 'ర' అను, తర్వాత విరామం తగ్గిస్తూ పో. లేదా న వదిలేసి అచ్చును ముక్కుతో పలుకు: జాఁర. ఫోన్లో 'ఆఁ, చెప్పు' అంటాం చూడు, ఆ అరసున్నే. బ్రిటిష్ డిక్షనరీలు ఈ రూపాన్నీ ఇస్తాయి.

జవాబు (జనగామ): పలుకుతో పాటు వాడుక కూడా చూసుకోవాలి. 'ఇది ఏ జానర్ సినిమా?' అనేదాన్ని మాటకు మాట మార్చి 'విచ్ జాన్ర మూవీ ఈజ్ దిస్' అనకండి, 'వాట్ జాన్ర ఈజ్ దిస్ ఫిల్మ్' అనండి. 'ఇట్ ఈజ్ ఎ థ్రిల్లర్ జాన్ర మూవీ' కన్నా 'ఇట్ ఈజ్ ఎ థ్రిల్లర్' చాలు. భాష, బడ్జెట్, నిడివి జాన్రలు కావు. ఛందస్సూ కాదు. మన పాలకుర్తి సోమనాథుడు చేపట్టిన శతకం, ఉదాహరణం (ఒక్కో విభక్తిలో వరుసగా సాగే స్తుతి కావ్యం) జాన్రలు, వాటిని మనం ప్రక్రియలు అంటాం. ద్విపద ఛందస్సు. బహువచనంలో చివర గాలి ఆగని ఉర్దూ జ వస్తుంది, స కాదు.

తెలుగులో రాసేటప్పుడు 'జానర్' అని రాస్తే నాకు అభ్యంతరం లేదు. అది మన వాడుకలో కుదురుకున్న మాట.

ప్రశ్న (హనుమకొండ): మరి పార్టీ కేడర్ అంటం కద, దాని స్పెల్లింగు కూడ గట్లనే ఉంటది?

జవాబు (లెక్చరర్): ఉంటుంది, కానీ అది ఇంకో తోవ పట్టింది. బ్రిటన్‌లో 'కాడ' అంటారు, చివరి ర వినిపించదు. అమెరికాలో 'క్యాడ్రీ', 'కాడ్రే' రెండూ ఉన్నాయి. మన దేశంలో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు 'క్యాడర్' అంటే అందరికీ తెలుస్తుంది, మార్చుకోవాల్సిన పని లేదు.