పేగు మెలికలు క్లాసులో చేసి చూపించాలి, పల్చటి రబ్బరు షీటు ఎక్కడ దొరుకుతుంది?

నమస్కారం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. సుమారు 6 మీటర్ల చిన్నపేగు పొట్టలో అంత పద్ధతిగా ఎలా సర్దుకుంటుందని ఒక అమ్మాయి అడిగింది. చోటు చాలక ముడుచుకుంటుందని చెప్పేసి ఊరుకోవడం నాకిష్టం లేదు.

2011లో హార్వర్డ్ పరిశోధకులు కోడిపిండంలో అసలు సంగతి చూపించారు. పేగు వేగంగా పెరుగుతుంది. దాన్ని వీపు వైపు గోడకు పట్టి ఉంచే మెసెంటరీ అనే పల్చటి పొర అంత వేగంగా పెరగదు. ఆ లాగుడుకే పేగు మెలికలు తిరుగుతుంది. పొరను కోసి విడదీస్తే పేగు తిన్నగా సాగిపోతుంది, పొర ముడుచుకుపోతుంది! వాళ్లే ఒక రబ్బరు షీటును సాగదీసి, అంచున రబ్బరు గొట్టం కుట్టి వదిలితే అచ్చం పేగులాగే మెలికలు పడ్డాయి.

ఇది పిల్లల చేతే చేయించాలి. సర్జికల్ గ్లౌజు కత్తిరించి చూశాం, కుట్టు పడిన చోటల్లా చిరిగిపోతోంది. కాస్త మందం ఉండి, చేత్తో సమంగా సాగే లేటెక్స్ షీటు రాణిగంజ్‌లో గానీ కోఠి సర్జికల్ షాపుల్లో గానీ విడిగా ముక్కలు అమ్ముతారా? కుట్టకుండా అతికించాలంటే ఏ గమ్ నిలుస్తుంది?

ఇంకోటి. ఏ కణజాలం ఎంత వేగంగా పెరగాలో నిర్ణయించడంలో బీఎంపీ అనే సంకేత ప్రోటీన్ల పాత్ర ఉందని చదివాను. సీసీఎంబీ (మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ) లాంటి చోట పిండాల మీద పనిచేసేవాళ్లెవరైనా ఫస్టియర్ పిల్లలకు అర్థమయ్యేలా నాలుగు మాటల్లో చెప్తారా, ప్లీజ్?