మిగిలిన లాబ్‌స్టర్ రబ్బరవకుండా వేడి చెయ్యడం ఎలా?

ఎంవీపీ_కోడలు: రాత్రి చుట్టాలొస్తే బీచ్ రోడ్డు హోటల్ నుంచి బటర్ గార్లిక్ లాబ్‌స్టర్ తెప్పించాం. రెండు తోకలు మిగిలాయి, డొప్పలతోనే ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ రేటుకి పారెయ్యడానికి ప్రాణం ఒప్పట్లేదు. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరైపోతుందంటున్నారు. ఇడ్లీ పాత్రలో పెట్టొచ్చా? ఎన్నాళ్లు ఆగుతుంది? పిల్లలకి పెట్టొచ్చా?

గాజువాక_గుంటడు: లాబ్‌స్టర్ మిగలడమేటండీ బాబూ! మా ఇంట్లో డొప్ప కూడా మిగల్దు.

షెఫ్_గారు: ఓడ గ్యాలీలో వండినవాణ్ని, నా మాట వినండి. ఒకసారి ఉడికిన కండ అప్పటికే బిగుసుకుని ఉంటుంది. మళ్లీ గట్టి సెగ తగిలితే ఉన్న నీరు కాస్తా వదిలేసి పీచైపోతుంది. వెన్న రాసి ఫాయిల్‌లో చుట్టి 175 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి, లోపల వేడెక్కగానే తీసెయ్యండి. డెక్కల్లో కండ ముందే విడిగా తీసుకోండి.

జాలారిపేట_కుర్రోడు: ఏ డెక్కలు గురూ? మన దగ్గర పడేది రాతి రొయ్య. దానికి పొడుగు మీసాలే గానీ డెక్కలెక్కడివి? కండంతా తోకలోనే.

షెఫ్_గారు: అసలు లాబ్‌స్టరంటే అమెరికా, కెనడా వైపు దొరికేదే. మీరు చెప్పేది పెద్ద సైజు రొయ్య.

జాలారిపేట_కుర్రోడు: ఓడెక్కినోళ్లందరూ ఇంతే. ఇక్కడ పడిన సరుకు ప్రాణాలతో ప్యాక్ చేసి విదేశాలకి పంపుతుంటే అది లాబ్‌స్టర్ కాదంటాడు! మా వలలోకి ఎప్పుడైనా చెయ్యి పెట్టావా? దాని వీపు మీద ముళ్లు గీరితే తెలిసొచ్చును.

సీతమ్మధార_పిన్ని: కొట్టుకోండి. అమ్మాయీ, మైక్రోవేవ్ జోలికెళ్లకు. ఇడ్లీ పాత్రే మేలు. గిన్నెలో పెట్టి అరిటాకు ముక్క కప్పు, లేకపోతే మూత మీద నీళ్లు కారి వెన్నంతా పలచనైపోతుంది. డొప్ప వొలవకు. నీళ్లు మరిగాక నాలుగైదు నిమిషాలు చాలు.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్: మైక్రోవేవ్‌ని ఊరికే ఆడిపోసుకుంటారు. పవర్ సగానికి తగ్గించి, తడి టిష్యూ కప్పి, అరనిమిషం చొప్పున తిప్పుకుంటూ పెడితే దూదిలా వస్తుంది. ఫుల్ పవర్ నొక్కేసి మిషన్‌ని తిడితే ఎలా?

ల్యాబ్_మేడమ్: పిల్లలకి పెట్టేటట్టయితే గోరువెచ్చన చాలదు, లోపల 74 డిగ్రీలు రావాలి. వండిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, 32 దాటిన ఎండల్లో అయితే గంటే. అలా పెట్టింది మూడు నాలుగు రోజులు ఆగుతుంది. జిగురొచ్చినా, అమ్మోనియా ఘాటు కొట్టినా తినకండి.

షెఫ్_గారు: 74కి తీసుకెళ్తే చెప్పు నమిలినట్టే.

ల్యాబ్_మేడమ్: వాంతులు పట్టుకుంటే మీరొచ్చి సెలైన్ పెడతారా?

గాజువాక_గుంటడు: ఇంత గొడవెందుకు, పులుసులో పడీసి తినీడమే. చేపల పులుసు మర్నాడే కదా రుచి.

సీతమ్మధార_పిన్ని: మర్నాటి రుచి చింతపండుది నాయనా. వెన్నా వెల్లుల్లీ పట్టిన దాన్ని పులుసులో వేస్తే రెండూ పాడు. కండ చిదిపి ఉల్లికారంలో ఒక్కసారి తిప్పి దించెయ్, అన్నంలోకి బాగుంటుంది.

ఎంవీపీ_కోడలు: అరిటాకు పెట్టి ఆవిరి మీదే చేశాను పిన్నిగారూ, మెత్తగానే ఉంది. పిల్లలు ముట్టలేదు, మావారు తినేశారు. ఇప్పుడు ఫ్రిజ్ తీస్తే వెల్లుల్లి కంపు. అత్తగారు పాలు కూడా ముట్టట్లేదు.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్: వంటసోడా గిన్నెలో పోసి మూత లేకుండా లోపల పెట్టండి. అయినా ఇది మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ హోటల్‌కి తాజా లాబ్‌స్టర్ ఎక్కడిది? ఐసు సరుకు అంటగట్టుంటారు.

జాలారిపేట_కుర్రోడు: నిషేధం మరబోట్లకీ ఇంజిను పడవలకీ సార్. తెడ్డేసుకుని ఒడ్డు దగ్గర వేటాడేవోళ్లకి కాదు.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్: తెడ్డేసుకుని హోటళ్లన్నిటికీ సరిపడా పట్టుకొస్తారా?

జాలారిపేట_కుర్రోడు: పొద్దున్నే ఒడ్డుకి రండి, చూద్దురుగాని.

గాజువాక_గుంటడు: నేనూ వస్తా. వంజరం ఎంతకిస్తున్నారేటి?