అప్‌డేట్: పోర్చుగీసు నేర్చుకోవడానికి చివరికి ఏం ఎంచుకున్నానంటే

మా ఆయనకి పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఉద్యోగం వచ్చింది, గుంటూరులో ఇంటి దగ్గరే ఉండి పోర్చుగీసు ఎలా నేర్చుకోవాలి అని మూడు నెలల క్రితం అడిగాను. "ముందు బ్రెజిల్‌దా, పోర్చుగల్‌దా తేల్చుకో అమ్మా" అన్నవాళ్లకి చేతులెత్తి దండం పెడుతున్నాను. అప్పటికే ఒక యాప్‌లో 40 రోజులు బ్రెజిల్ పోర్చుగీసు చదివేశాను. బస్సుని బ్రెజిల్‌లో ఓనిబుస్ అంటారు, లిస్బన్‌లో ఔతుకార్రు. రైలు అక్కడ కొంబోయు.

పదాలదేముంది, మార్చుకోవచ్చు. అసలు టెన్షన్ వినడంలోనే. పోర్చుగల్ వాళ్లు నొక్కి పలకని అచ్చుల్ని దాదాపు మింగేస్తారు. దాదాపు ప్రతి మాటనీ అచ్చుతో నిండుగా ముగించే మన చెవికి మొదట్లో ఒక్క ముక్కా అందలేదు.

అందుకే ఆ యాప్ మానేశాను. పోర్చుగల్ ప్రభుత్వ ఛానల్ ఆర్‌టీపీ వార్తలు రోజూ పావుగంట వింటున్నాను, అర్థం కాకపోయినా సరే. దానితోపాటు ఆడియో, అందులోని మాటల రాతరూపం పక్కపక్కనే ఉండే పాఠాలు. ఇవే నాకు బాగా పనిచేశాయి.

అన్నట్టు మన అనాస, మేస్త్రి, తువాలు పోర్చుగీసు నుంచి వచ్చినవేనట! అత్తయ్యగారికి చెప్తే ఎంత మురిసిపోయారో. ఇప్పుడు ఏ2 స్థాయి (ఐరోపా భాషా కొలమానంలో కింది నుంచి రెండో మెట్టు) పరీక్షకి చదువుతున్నాను.